బస్తా ఎత్తే చేతులకు బార్‌బెల్ బరువా?

అమ్మాయిలూ, ఇవాళ జిమ్ కబుర్లు చెప్పుకుందాం. ఆడపిల్ల జిమ్‌కి వెళ్తానంటే ఇప్పుడు మన ఇళ్ళల్లో పెద్దగా ఎవరూ కాదనడం లేదు. సంతోషం. కానీ వెళ్ళాక అక్కడ ఏం చేస్తోందో చూడండి. ముప్పావుగంట ట్రెడ్‌మిల్ మీద నడక. తర్వాత కిలో, మహా అయితే రెండు కిలోల డంబెల్స్ పట్టుకుని చేతులు ఆడించడం. ఇంటికొచ్చి రాత్రి అన్నం మానేసి ఓ జామకాయ తిని పడుకోవడం. బార్‌బెల్ ఉన్న మూలకు మాత్రం వెళ్ళదు. ఆ మూల మగపిల్లలదని ఎవరూ బోర్డు పెట్టలేదు గానీ, పెట్టినంత పనీ అయింది.

ఎందుకెళ్ళవమ్మా అంటే మూడు జవాబులొస్తాయి. కండలొచ్చి మగరాయుడిలా అయిపోతానంటుంది. నడుం పట్టేస్తుందంటుంది. మూడోది పిల్ల చెప్పదు, ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్తారు: గర్భసంచి జారిపోతుందని. ఈ మూడూ విని విని నాకు నిజంగా బాధేస్తుంది. కొవ్వు తగ్గాలి, ఒంట్లో సత్తువ పెరగాలి అనుకునే ఆడపిల్లకు జిమ్ మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే చోటు ఆ మూలే. ఎందుకో చెప్తాను.

ముందు ఇంట్లో లెక్క చూద్దాం. సోనా మసూరి బస్తా 25 కిలోలు. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు 30. మంచినీళ్ళ క్యాను 20 లీటర్లు. మూడేళ్ళ పిల్లాడు నిద్రపోతే భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కే తల్లి మోసేది పన్నెండు పద్నాలుగు కిలోలు. ఇళ్ళు కట్టేచోట ఇటుకలు, కంకర తట్టలు మోసే ఆడకూలీల సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పుడు లేని భయం జిమ్‌లో ఇనపకడ్డీ పట్టుకోగానే ఎందుకొస్తుంది? ఒక తేడా ఉన్న మాట నిజమే. బండ బరువు ఎప్పుడూ ఒకటే. అది మన బలాన్ని బట్టి కొద్దికొద్దిగా పెరగదు. దాన్ని ఎలా వంగి ఎత్తాలో ఎవరూ నేర్పరు. ఎత్తాక విశ్రాంతీ ఉండదు, సరైన తిండీ ఉండదు. అందుకే ఇంటి చాకిరీతో నడుం నొప్పి మిగులుతుంది గానీ బలం ఒక హద్దు దాటి పెరగదు. జిమ్‌లో ఆ కొరవలు చాలావరకు తీరతాయి.

ఇప్పుడు కొవ్వు సంగతి. కరిగిన కొవ్వు ఎటు పోతుందని అడిగితే చెమటలో అని కొందరు, వేడిగా మారిపోతుందని కొందరు చెప్తారు. ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు 2014లో ఈ లెక్క తేల్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతాయి. మిగతా 1.6 కిలోలు నీరవుతాయి. మీ కొవ్వులో ఎక్కువ భాగం మీ ముక్కులోంచే వెళ్ళిపోతుందన్నమాట! అలాగని గబగబా ఊపిరి పీల్చి వదిలితే తగ్గదు. లోపల కొవ్వు మండాలి. తిన్నదానికన్నా ఖర్చు ఎక్కువైతేనే అది మండుతుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. గంటసేపు బరువులెత్తితే అయ్యే ఖర్చు రెండు మూడు వందల కేలరీలు. రెండు మైసూర్‌పాకులు తింటే ఆ లెక్క చెల్లు.

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు మండిపోతుందని జిమ్ ట్రైనర్లు ఊరిస్తుంటారు. కిలో కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకు ఖర్చుపెట్టేది సుమారు 13 కేలరీలు. కిలో కొవ్వు నాలుగైదు పెడుతుంది. తేడా ఉంది, కానీ ఊరించేంత లేదు. కొవ్వును తగ్గించేది ప్రధానంగా పళ్ళెమే.

మరి బరువులెందుకు తాతా అంటారు. అసలు కిటుకు అక్కడే ఉంది. తిండి తగ్గించినప్పుడు శరీరం ఒక్క కొవ్వునే కరిగించదు, కండనూ కరిగించుకు తింటుంది. ఊరికే కడుపు మాడ్చుకుని తగ్గినవాళ్ళలో పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉంటుంది. కరువొచ్చి గడ్డి చాలనప్పుడు రైతు ఏం చేస్తాడు? కొట్టంలో ఊరికే నిలబడ్డ ఎద్దును ముందు అమ్మేస్తాడు. రోజూ కాడి మోసే ఎద్దును మాత్రం తాను పస్తుండైనా మేపుకుంటాడు. శరీరమూ అంతే. పని లేని కండను కరువులో వదిలించుకుంటుంది. వారానికి రెండు మూడు సార్లు బరువైన పని పడే కండ జోలికి పోకుండా కొవ్వు నిల్వ మీద పడుతుంది. తిండి తగ్గించేది కొవ్వు పోవడానికి, బరువులెత్తేది కండ నిలవడానికి. ఈ రెండూ కలిస్తేనే మీరు కోరుకునే ఒళ్ళు వస్తుంది. బరువుల్లేకుండా పది కిలోలు తగ్గిన పిల్ల సన్నబడుతుంది గానీ నీరసపడుతుంది. మెట్లెక్కితే ఆయాసం, మొహం పీక్కుపోవడం. ఆరు నెలల్లో పోయిన బరువు తిరిగొస్తే అది చాలావరకు కొవ్వుగానే వస్తుంది. అంటే తూకం పాతదే, లోపల సరుకు మాత్రం మునుపటికన్నా అధ్వాన్నం.

మన భారతీయులకు ఇది ఇంకా ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్ గారు, ఇంకొకరు ఇంగ్లండుకు చెందిన యుడ్‌కిన్ గారు. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్‌కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! మన జాతిలో ఉన్న చిక్కు ఇదే. పైకి సన్నగా కనిపిస్తాం, లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్టలో, కాలేయంలో పేరుకుంటుంది. చక్కెర జబ్బు మనకు చిన్న వయసులోనే, పెద్ద లావు లేకుండానే రావడానికి ఇదొక కారణం. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే చక్కెరలో ఇన్సులిన్ సాయంతో ఎక్కువ భాగాన్ని తీసుకునేది కండరాలే. పని చేస్తున్న కండరమైతే ఇన్సులిన్ పిలుపు కోసం కూడా ఆగదు, తానే తలుపు తీసుకుని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. పీసీఓఎస్ అనే హార్మోన్ల చిక్కు ఉందని, షుగర్ అంచుల్లో ఉన్నావని డాక్టరు చెప్పిన పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సరే, బరువైనది అంటే ఎంత? వంద కిలోలని కాదు. వరసగా ఐదు నుంచి పది పన్నెండు సార్లు ఎత్తగలిగి, ఆపేసరికి ఇంకో రెండుసార్లు మాత్రమే ఎత్తే ఓపిక మిగిలితే అదే మీకు బరువు. ఒకరికి అది 8 కిలోల డంబెల్, ఇంకొకరికి 60 కిలోల బార్. కిలో డంబెల్‌ను యాభైసార్లు ఆడించడంలో ఏం లోపమంటే, మన కండరాల్లో పోగులన్నీ ఒక్కసారిగా పనిలోకి రావు. తేలిక పనికి చిన్న నరాల కింద ఉన్న పోగులు చాలు. పని బరువెక్కే కొద్దీ పెద్ద నరాలు తమ కింది పోగుల్ని లేపుతాయి. హెన్నెమన్ అనే శాస్త్రవేత్త గత శతాబ్దం మధ్యలోనే ఈ వరసను కనిపెట్టారు. ఎదిగే శక్తి ఎక్కువున్నవీ, వయసుతో పాటు ముందుగా కరిగిపోయేవీ ఆ పెద్ద నరాల కింది పోగులే. వాటిని లేపాలంటే ఒళ్ళు కష్టమనుకునేంత పని కావాలి.

ఈ పద్ధతి పహిల్వాన్లకు మాత్రమే పరిమితమైంది కూడా కాదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిని మంచాన పడ్డ జవాన్ల కోసం డెలోర్మ్ అనే డాక్టరు దీన్ని పట్టాలెక్కించి 1945లో ప్రకటించారు. కొద్దిసార్లు ఎత్తించడం, మధ్యలో విశ్రాంతి ఇవ్వడం, వారం వారం బరువు పెంచడం. ఇవాళ జిమ్‌లో వినే సెట్లు, రెప్స్ అంతగా వాడుకలోకి రావడంలో ఆయన చలవ చాలా ఉంది.

మగరాయుడి భయం దగ్గరికి వద్దాం. కండలు దళసరిగా పెరగడానికి తోడ్పడే టెస్టోస్టిరాన్ హార్మోను ఆడవాళ్ళలో మగవాళ్ళకున్న దాంట్లో పదో వంతు కూడా ఉండదు. ఉన్న కండ మీద పెరిగే శాతం చూస్తే ఆడా మగా ఇంచుమించు సమానమే. మొదలే తక్కువ కండ గనక, ఆ శాతం మీద పెరిగేది కొంచెమే. ఆ కొంచెం కోసమే ఏళ్ళు పడుతుంది. పత్రికల్లో కనిపించే మెలితిరిగిన కండల ఆడవాళ్ళ వెనక ఏళ్ళ తరబడి ఒక తపస్సులాంటి సాధన, లెక్కపెట్టి తినే తిండి ఉంటాయి. కొందరి విషయంలో ఇంజెక్షన్లూ ఉంటాయి. వారానికి రెండు మూడు గంటలు బార్‌బెల్ పట్టిన పిల్లకు అలాంటి ఒళ్ళు రానే రాదు. భుజాలు నిటారుగా నిలుస్తాయి, తొడలు గట్టిపడతాయి, నడుము చుట్టుకొలత తగ్గుతుంది.

ఇక్కడ మన శ్రీకాకుళం ఆడపడుచును తలుచుకోవాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి. పన్నెండేళ్ళ వయసులో కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులు పట్టింది. 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. ఇంకో సంగతి గమనించండి. మగవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ 1896 ఏథెన్స్‌లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆడవాళ్ళకు ఆ గడప దాటడానికి 2000 దాకా పట్టింది. గడప తెరిచిన ఏడాదే మన తెలుగు పిల్ల లోపలికెళ్ళి పతకంతో వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆమెకు కొడుకు పుట్టాడు. గర్భసంచి గురించి గొంతు తగ్గించి మాట్లాడే పెద్దలకు ఈ మాట గట్టిగా చెప్పండి. గర్భసంచి జారడానికి ముఖ్య కారణాలు కాన్పుల్లో పడ్డ ఒత్తిడి, వయసు, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం, లావు లాంటివి. ఇప్పటికే ఆ లక్షణాలున్నవాళ్ళు మాత్రం స్త్రీవైద్యుల్ని చూపించుకుని, వాళ్ళు చెప్పిన హద్దులోనే బరువులెత్తాలి.

ఎముకల కబురు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఇది అమ్మాయిల కోసం కాదు, వాళ్ళ అమ్మల కోసం. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక వేగంగా గుల్లబారుతుంది. అప్పుడు మనం ఏమంటాం? జాగ్రత్తమ్మా, బరువులెత్తకు అంటాం. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీవాళ్ళు సరిగ్గా దానికి ఎదురు ప్రయోగం చేసి 2018లో ప్రచురించారు. అప్పటికే ఎముకలు పలచబడ్డ, సగటున 65 ఏళ్ళున్న ఆడవాళ్ళు 101 మందిని తీసుకున్నారు. సగం మందికి ఇంట్లో చేసుకునే తేలిక వ్యాయామం. మిగతా సగానికి మొదటి నెల తక్కువ బరువుతో పద్ధతి నేర్పి, తర్వాత నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్, కూర్చుని లేచే స్క్వాట్, తలపైకెత్తే ప్రెస్. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా పెట్టి, ఐదేసి సార్లు చొప్పున ఐదు సెట్లు. వాటితో పాటు పైనుంచి నేల మీదికి దూకి దిగే కసరత్తు ఒకటి. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. ఎనిమిది నెలల తర్వాత తేలిక వ్యాయామం చేసినవాళ్ళ నడుం ఎముక సాంద్రత 1.2 శాతం తగ్గింది. బరువులెత్తినవాళ్ళది 2.9 శాతం పెరిగింది. మందుబిళ్ళ కాదు, ఇనుము! అంతమందిలో దెబ్బ అని చెప్పుకోడానికి ఒకావిడకు నడుం కాస్త పట్టేసింది, అంతే. పక్కన నిలబడి చూసే నిపుణులున్నారు కాబట్టి అలా జరిగిందని కూడా చెప్పుకోవాలి.

అంతకన్నా పెద్ద వయసువాళ్ళ కబురు బోస్టన్‌లో ఉంది. 1990లో ఫియాటరోన్ అనే డాక్టరమ్మ వృద్ధుల కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ళ వాళ్ళతో కాళ్ళ కండరాలకు గట్టి బరువులతో సాధన చేయించారు. ఎనిమిది వారాల్లో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై దాటాక కూడా కండ మాట వింటోందంటే, నలభైకే వయసైపోయిందనుకోవడం ఎంత పొరపాటు!

మొదలుపెట్టే తీరు చెప్తాను. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. హిమోగ్లోబిన్ ఎనిమిదితో స్క్వాట్‌లు చేసి కళ్ళు తిరిగితే తప్పు స్క్వాట్‌ది కాదు. అదుపులో లేని బీపీ, గుండెజబ్బు, హెర్నియా, షుగర్ వల్ల కంటి రెటీనా జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, కొత్తగా ప్రసవించినవాళ్ళు డాక్టరుతో మాట్లాడాకే వెళ్ళాలి.

వారానికి రెండు రోజులు చాలు, మూడైతే మరీ మంచిది. కూర్చుని లేచే స్క్వాట్, నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్, పైకి నెట్టే ప్రెస్, తన వైపు లాక్కునే రో. ఈ నాలుగింటితో ఒళ్ళంతా వస్తుంది. మొదటి నెల బరువు మీద కాదు, వంగే తీరు మీద ధ్యాస పెట్టండి. వీపు గూనిగా వంగకుండా తుంటి దగ్గర మడత పడటం నేర్చుకోవాలి. అది వచ్చాక నడుం భయం చాలావరకు పోతుంది. మగవాళ్ళ బార్ ఉత్తదే 20 కిలోలుంటుంది, ఆడవాళ్ళ కోసం చేసింది 15 కిలోలు, పట్టు కూడా సన్నం. మీ జిమ్‌లో అది లేకపోతే అడగండి, తెప్పించమనండి. అదీ బరువైతే డంబెల్స్‌తో మొదలుపెట్టండి. అనుకున్నన్ని సార్లు సుఖంగా ఎత్తగలిగిన రోజున చిన్న ప్లేటు కలపండి. సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. రాసుకోవడానికి చిన్న పుస్తకం పెట్టుకోండి, ఎందుకంటే మొదటి నెలన్నరలో కండ పెద్దగా పెరగకముందే నరాలు పని నేర్చుకుని బలం గబగబా పెరుగుతుంది. ఆ పెరుగుదల అద్దంలో కనిపించదు, పుస్తకంలో కనిపిస్తుంది. రెండోరోజు ఒళ్ళునొప్పులొస్తే కంగారుపడకండి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. కీలులో పొడిచినట్టు నొప్పొస్తే మాత్రం ఆపేయండి.

మొదటి వారాల్లో తూకం తగ్గకపోవచ్చు, అరకిలో పెరగనూవచ్చు. కండరాలు పిండిపదార్థాన్ని నిల్వ చేసుకుంటూ దాంతోపాటు నీటినీ పట్టుకుంటాయి. అది తెలియక చాలామంది అక్కడే మానేస్తారు. తూకం మిషన్ పక్కనపెట్టి టేపు తీసుకోండి. నడుం చుట్టుకొలత మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. చూడాల్సింది అది. నడక మానొద్దు, గుండెకు అది కావాలి.

ఇక తిండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల పిల్లకు 50 గ్రాములు. బరువులెత్తుతూ కొవ్వు తగ్గించుకునేవాళ్ళకు 70 నుంచి 90 గ్రాములైతే మేలు. మన పళ్ళెంలో కుప్ప అన్నం, రెండు గరిటెల పల్చటి చారు ఉంటే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. రెండు గుడ్లలో 12 గ్రాములు, యాభై గ్రాముల కందిపప్పులో 11, యాభై గ్రాముల మీల్‌మేకర్‌లో 25, గుప్పెడు పల్లీల్లో 7, పెద్ద కప్పు పెరుగులో 6 లేదా 7. మాంసాహారులకు వంద గ్రాముల వండిన కోడిమాంసంలోనే 25కు పైగా వస్తుంది. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, సాయంత్రం ఉడికించిన సెనగలు. డబ్బా పౌడర్ల వెంట పడనక్కర్లేదు. ఆ సంస్థే 2024 సూచనల్లో కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు ప్రొటీన్ పెంచేముందు డాక్టర్ని అడగాలి. తగ్గించాల్సింది రోజుకు మూడు నుంచి ఐదు వందల కేలరీలే. అన్నం కుప్ప, నూనె, స్వీట్ల దగ్గర అది దొరుకుతుంది. భోజనం మానేయాల్సిన పని లేదు.

చివరిగా ఇంట్లో మగవాళ్ళకూ అత్తగార్లకూ ఒక విన్నపం. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అందరికీ వడ్డించి ఆఖర్న మిగిలింది తింటారు. గుడ్డు, పప్పు, పెరుగు, మాంసం అప్పటికి అడుగంటుతాయి. బరువులెత్తే పిల్లకు, ఆ మాటకొస్తే ఎత్తని పిల్లకు కూడా, ఆ వాటా ముందే తీసిపెట్టండి. వారానికి రెండు సాయంత్రాలు వంటిల్లు మీరు చూసుకోండి. కూతురు వెళ్తుంటే తల్లిని కూడా వెంట పంపండి, ఆ ఇనుము అవసరం ఇద్దరిలో తల్లికే ఎక్కువ.